రాక్ పాటకు పుట్టిల్లు వెతకడం ఎలా

ఇంగ్లిష్ రాక్ సంగీతాన్ని ఇష్టంగా వినే తెలుగువారికి ఎల్విస్ ప్రెస్లీ, బీటిల్స్, రోలింగ్ స్టోన్స్, లెడ్ జెప్పెలిన్ వంటి పేర్లు నాలుక చివరే ఉంటాయి. వీళ్లంతా ఎవరి పాటలు పాడి పైకి వచ్చారు, ఎవరి వాయింపు విని గిటారు చేతపట్టారు అని అడిగితే మాత్రం జవాబు చెప్పగలిగేవారు తక్కువ. ఆ తప్పు వినేవారిది కాదు. ముందుగా పాడినవారి పేర్లు రికార్డు అట్టల మీదికి ఎక్కకపోవడం, ఎక్కినా కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో ఉండడం దశాబ్దాల పాటు సాగింది. ఒక రాక్ పాటను తీసుకుని, అది ఏ నల్లజాతి సంగీతకారుల దగ్గరినుంచి వచ్చిందో వెనక్కి నడుచుకుంటూ వెళ్లి తెలుసుకోవడం ఎలాగో, తెలుసుకున్నదాన్ని ఎవరికీ అన్యాయం జరగకుండా చెప్పడం ఎలాగో ఈ వ్యాసంలో వివరిస్తాను.

రాక్ అంతా నల్లవారి దగ్గరినుంచి దోచుకున్నదే అని ఒక్క మాటలో తేల్చేస్తే వినడానికి ధైర్యంగా ఉంటుంది గాని, దానివల్ల నల్లజాతి బ్లూస్ కళాకారులైన బిగ్ మామా థార్న్‌టన్‌కు గాని, విల్లీ డిక్సన్‌కు గాని, ఆర్థర్ క్రుడప్‌కు గాని ఒరిగేదేమీ లేదు. ఏ పాటలో ఏ ముక్క ఎవరిది, దానికి పేరు దక్కిందా, పైకం దక్కిందా అని విడమరచి రాసినప్పుడే బాకీ లెక్కకు వస్తుంది. అందుకు కాస్త ఓపిక, ఒక జత మంచి ఇయర్‌ఫోన్లు, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.

ముందు చెవిని సిద్ధం చేసుకోవాలి

రాక్‌కు తల్లివేరు బ్లూస్. అమెరికా దక్షిణాదిన, ముఖ్యంగా మిసిసిపీ పత్తి పొలాల్లో పనిచేసిన నల్లజాతి కుటుంబాల్లో పెరిగిన ఈ సంగీతానికి ఒక చట్రం ఉంది. దాన్ని పన్నెండు బార్ల బ్లూస్ అంటారు. కర్ణాటక సంగీతం కొద్దిగా తెలిసినవారికి ఇది సులువుగా అందుతుంది. నాలుగేసి బీట్ల బార్‌ను ఆది తాళంలో సగం ఆవర్తంగా లెక్కపెట్టుకోండి. మొదటి నాలుగు బార్లు షడ్జమం ఆధారంగా ఉన్న కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద నడుస్తాయి, తరువాతి రెండు మధ్యమం మీదికి వెళ్తాయి, మరో రెండు షడ్జమానికి తిరిగి వస్తాయి, ఆపైన పంచమం మీద ఒకటి, మధ్యమం మీద ఒకటి నడిచి చివరి రెండు బార్లలో మళ్లీ షడ్జమం మీద కూర్చుంటాయి. సాహిత్యం కూడా ఈ చట్రానికి తగినట్టే ఉంటుంది: ఒక పాదం పాడి, దాన్నే మరోసారి పాడి, మూడో పాదంలో దానికి జవాబు చెబుతారు. ప్రతి పాదం తరువాత గొంతు ఆగినచోట గిటారో, హార్మోనికానో మారుపలుకుతుంది.

ఇక స్వరాల సంగతి. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో నిలిచి, ఎటూ తేలకుండా జారే స్వరం ఒకటి బ్లూస్ గాయకుల గొంతులో వినిపిస్తుంది. గిటారు తీగను పక్కకు లాగి దాన్నే పలికిస్తారు. గమకం అలవాటైన మన చెవికి ఇది పాశ్చాత్య శ్రోతల కంటే త్వరగా పట్టుబడుతుందని నా నమ్మకం. ఈ లక్షణాలను గుర్తుపట్టడం అలవాటయ్యాక చక్ బెర్రీ 1958లో చేసిన 'జానీ బి. గుడ్' వినండి. చిన్న మార్పులతో అదే చట్రం దొరుకుతుంది. ఆ పాట మొదట్లో వచ్చే ప్రసిద్ధమైన గిటారు ఎత్తుగడ కోసం ఇంకాస్త వెనక్కి వెళ్లి, లూయీ జోర్డాన్ బృందం 1946లో చేసిన 'ఎయింట్ దట్ జస్ట్ లైక్ ఎ ఉమన్' మొదటి కొన్ని క్షణాలు వినండి. అక్కడ కార్ల్ హోగన్ అనే గిటారిస్టు వాయించినది దాదాపు అదే. బెర్రీ ఈ సంగతిని తానే ఒప్పుకున్నాడు.

ఒక హెచ్చరిక: పన్నెండు బార్లు వినబడినంత మాత్రాన ఎవరో ఎవరి పాటో కాజేశారని అనుకోకూడదు. మన దగ్గర కీర్తనకు పల్లవి, అనుపల్లవి, చరణం ఉన్నట్టే అది అందరి ఉమ్మడి సొత్తు.

నాలుగు గళ్లు గీసుకోండి

నోటు పుస్తకంలో ఒక్కో పాటకు ఒక్కో పేజీ కేటాయించి నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో పాట, అంటే బాణీ, సాహిత్యం ఎవరివో రాయాలి. రెండో గడిలో కూర్పు, అంటే ఏ వాద్యం ఎక్కడ వస్తుంది, లయ ఎలా నడుస్తుంది అన్నది ఎవరు కుదిర్చారో రాయాలి. మూడో గడి గొంతుది: పాడే తీరు, అరుపు, విరుపు. నాలుగో గడి వాయింపుది.

ఈ విభజన ఎందుకంటే, అమెరికాలో కాపీరైట్ చట్టం ఆనాడు కాపాడింది మొదటి గడిని మాత్రమే. ఒక పాట ఒకసారి రికార్డయ్యాక, చట్టం నిర్ణయించిన స్వల్ప రుసుము పాట హక్కుదారుకు చెల్లించి దాన్ని ఎవరైనా పాడుకోవచ్చు. ఆ రుసుము 1909 చట్టం నుంచి 1970ల చివరి దాకా ప్రతికి 2 సెంట్లు. అందులో పాటకు ప్రాణం పోసిన మొదటి గాయనికీ, కూర్పు కుదిర్చినవారికీ దమ్మిడీ రాదు. లావెర్న్ బేకర్ పాడిన 'ట్వీడిల్ డీ'ని జార్జియా గిబ్స్ అనే శ్వేతజాతి గాయని కూర్పుతో సహా అచ్చుగుద్దినట్టు పాడి ఎక్కువ అమ్ముకున్నప్పుడు, బేకర్ 1955లో తన ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడు చార్లెస్ డిగ్స్‌కు లేఖ రాసి, కూర్పుకు కూడా రక్షణ కల్పించాలని కోరింది. చట్టం మారలేదు. సొమ్మొకడిది సోకొకడిది అన్న మన సామెత ఇంతకంటే సూటిగా సరిపోయే సందర్భం నాకు తెలియదు.

తేదీలు, పేర్లు వెతికే చోట్లు

పాట పేరు దొరికాక, దాన్ని ఎవరు ఎప్పుడు రికార్డు చేశారో వరస కట్టాలి. ఒకే పాట పాడినవారందరినీ చూపే సెకండ్‌హ్యాండ్‌సాంగ్స్, రికార్డు లేబుళ్ల ఫోటోలు దొరికే డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్లు మొదలుపెట్టడానికి మంచివి. పాత రికార్డుల విషయంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా ప్రాంగణం నడిపే చారిత్రక అమెరికన్ రికార్డింగుల జాబితాను నమ్మవచ్చు. అందులో రికార్డింగ్ జరిగిన తేదీ, ఊరు కూడా ఉంటాయి. ఇప్పుడు హక్కులు ఎవరి పేరున ఉన్నాయో తెలియాలంటే పాటల హక్కుల రుసుము వసూలు చేసే బీఎంఐ, ఆస్కాప్ సంస్థలు కలిసి పెట్టిన జాబితా సాంగ్‌వ్యూలో చూడాలి. పాత జనాదరణ పట్టికలు చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నల్లవారి రికార్డులను 1949 దాకా బిల్‌బోర్డ్ పత్రిక 'రేస్ రికార్డ్స్' అనే విడి వరుసలో పెట్టి, ఆ తరువాతే 'రిథమ్ అండ్ బ్లూస్' అని పేరు మార్చింది. అందువల్ల పాప్ పట్టికలో కనిపించని పాటను ఎవరూ వినలేదనుకోవడం పొరపాటు.

లేబుల్ మీది పేరును కూడా గుడ్డిగా నమ్మకూడదు. చక్ బెర్రీ 1955లో విడుదల చేసిన 'మేబెలీన్'కు రచయితలుగా అతని పేరు పక్కన అలన్ ఫ్రీడ్ అనే రేడియో వ్యాఖ్యాత పేరు, రస్ ఫ్రాటో పేరు చేరాయి. పాటను రేడియోలో మోగించినందుకు, వ్యాపారంలో సాయపడినందుకు దక్కిన వాటా అది. పూర్తి హక్కు బెర్రీకి తిరిగి రావడానికి 1986 దాకా పట్టింది. 'డోంట్ బీ క్రుయల్'ను రాసింది ఓటిస్ బ్లాక్‌వెల్ ఒక్కడే అయినా, ప్రెస్లీ పాడాలంటే రచయితగా ప్రెస్లీ పేరు కూడా ఉండాలన్న షరతుకు అతను తలొగ్గవలసి వచ్చింది. రోలింగ్ స్టోన్స్ 1969లో పాడిన 'లవ్ ఇన్ వేన్' మొదటి ముద్రణలో దాన్ని రాసిన బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ పేరు లేదు, ఉన్నది వుడీ పేన్ అనే పేరు. కాబట్టి మొదటి ముద్రణ లేబుల్‌నూ, ఇప్పటి నమోదునూ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. వాటి మధ్య తేడా ఉన్నచోటల్లా ఎవరో ఒకరు ఏళ్ల తరబడి పోరాడి ఉంటారు.

ఒక పాటను దగ్గరగా విని చూద్దాం

'హౌండ్ డాగ్'తో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఇది తొందరపడి తీర్పు చెప్పేవారి నోరు నొక్కే పాట. దీన్ని రాసింది నల్లవారు కాదు. జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ అనే ఇద్దరు పంతొమ్మిదేళ్ల యూదు యువకులు. వాళ్లు రాసింది మాత్రం బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని కోసం, ఆమెను కళ్లారా చూశాక, ఆమె గొంతుకు తగినట్టుగా. ఆమె దాన్ని 1952 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో రికార్డు చేసింది. 1953లో అది రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆమె రికార్డును వినండి. నడక నిదానం. మొదటి మాటనే ఆమె గొంతులో గరగరలాడించి విసురుతుంది. పాడుతున్నది కుక్క గురించి కాదు. తన ఇంటి చుట్టూ తిరుగుతూ తేరగా బతుకుదామనుకునే మగవాణ్ని గడప దాటించి పంపేస్తున్న ఆడది ఆమె. పీట్ లూయిస్ గిటారు వాయిస్తున్నంతసేపూ ఆమె ఊరుకోదు, పక్కనుంచి మాటలు విసురుతూ అతన్ని ఉసిగొల్పుతుంది. చివర్లో బృందమంతా కుక్కల్లా మొరుగుతారు. ఇప్పుడు ఎల్విస్ ప్రెస్లీ 1956 జులైలో చేసిన రికార్డు పెట్టండి. వేగం ఇంచుమించు రెట్టింపైంది, డీజే ఫాంటానా డ్రమ్ముల మీద తుపాకీ పేలినట్టు దరువులు గుప్పిస్తాడు, కుందేలును పట్టలేని కుక్క ఒకటి కొత్తగా వచ్చింది. ఆ కుందేలు ప్రెస్లీది కూడా కాదు. లాస్ వేగస్‌లో పాడే ఫ్రెడ్డీ బెల్ బృందం మార్చుకున్న సాహిత్యాన్ని అతను విని తీసుకున్నాడు. ఇల్లాలి కోపం పోయి, అర్థం లేని అల్లరి మిగిలింది. ఆ అల్లరిలో శక్తి లేదని నేను అనను, ఉంది. అయితే అది మరో పాట.

ఇప్పుడు గళ్లు నింపండి. మొదటి గడిలో లీబర్, స్టోలర్. మూడో గడిలో థార్న్‌టన్. చట్టం దృష్టిలో మూడో గడికి విలువ లేదు గనుక, తనకు ఐదు వందల డాలర్ల చెక్కు ఒకటి వచ్చిందని, ఆ తరువాత మరేమీ రాలేదని ఆమె చెప్పుకుంది. ప్రెస్లీ రికార్డు పదకొండు వారాలు అమెరికా అంతటా మొదటి స్థానంలో ఉంది. రచయిత శ్వేతజాతివాడే కదా, ఇక బాకీ ఎక్కడిది అని అడిగేవారికి ఈ పేజీ చూపించండి.

పూర్తిగా వేరే రకం పాట లెడ్ జెప్పెలిన్ 1969లో చేసిన 'హోల్ లాటా లవ్'. ఇక్కడ అందరికీ గుర్తుండే గిటారు రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరస, ఆ బృందపు గిటారిస్టు జిమ్మీ పేజ్ సొంతం. దాన్ని అతని గడిలోనే రాయాలి. సాహిత్యంలో చాలా భాగం మాత్రం విల్లీ డిక్సన్ రాయగా మడ్డీ వాటర్స్ 1962లో పాడిన 'యూ నీడ్ లవ్'ది. మధ్యలో ఒక మజిలీ కూడా ఉంది: స్మాల్ ఫేసెస్ అనే ఇంగ్లండ్ బృందం 1966లో ఆ పాటనే 'యూ నీడ్ లవింగ్' పేరుతో, డిక్సన్ పేరు వేయకుండా పాడింది. అందులో స్టీవ్ మారియట్ గొంతు ఎగసే తీరును, లెడ్ జెప్పెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ పాడిన తీరును పోల్చి వినండి. ఈ మూడు రికార్డులనూ వరసగా, అవసరమైతే యూట్యూబ్‌లో వేగం ముప్పావుకు తగ్గించి వింటే పాట ఏ చేతినుంచి ఏ చేతికి మారిందో తెలిసిపోతుంది. డిక్సన్ 1985లో దావా వేశాడు, 1987లో కోర్టు బయట రాజీ కుదిరింది. ఇప్పుడు ఆ పాట రచయితల జాబితాలో ఆయన పేరు ఉంది. ఆయన స్థాపించిన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ షికాగోలో 2120 సౌత్ మిషిగన్ అవెన్యూలోని చెస్ రికార్డ్స్ కంపెనీ పాత స్టూడియో భవనంలోనే నడుస్తోంది. రోలింగ్ స్టోన్స్ 1964 జూన్‌లో తమ ఆరాధ్యులు పాడిన చోటే పాడాలని వెతుక్కుంటూ వెళ్లింది ఆ భవనానికే.

లెడ్ జెప్పెలిన్ 1971లో చేసిన 'వెన్ ద లెవీ బ్రేక్స్' మీద ఒక పూట వెచ్చించినా తక్కువే. లెవీ అంటే కరకట్ట. 1927లో మిసిసిపీ నదికి వచ్చిన పెను వరదలో కరకట్టలు తెగి లక్షల మంది నిరాశ్రయులయ్యారు. నల్లజాతి కూలీలను శిబిరాల్లో కాపలా మధ్య ఉంచి కట్టల పనిచేయించారు. ఆ జ్ఞాపకం పచ్చిగా ఉన్న 1929లో కాన్సస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ దంపతులు రెండు గిటార్లతో ఈ పాట రికార్డు చేశారు. పాడింది జో. మిన్నీ గిటారు వేళ్లు నీటి ప్రవాహంలా ఆగకుండా పరుగెడుతుంటాయి. లెడ్ జెప్పెలిన్ రికార్డులో వినిపించే డ్రమ్ములు జాన్ బోనమ్‌వి. హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో మెట్ల దారి కింద డ్రమ్ములు పెట్టి, పైనుంచి మైకులు వేలాడదీసి పట్టిన ఆ గంభీరమైన మోత ఎవరి దగ్గరా అప్పు తెచ్చింది కాదు. రచయితల వరుసలో మెంఫిస్ మిన్నీ పేరు మొదటినుంచీ ఉంది. పాడిన జో మెకాయ్ పేరు లేదు. న్యాయంగా లెక్క రాయడమంటే ఈ మూడు సంగతులూ ఒకే పేజీలో రాయడం.

ఎదురయ్యే ఒక వాదన

బ్లూస్ గాయకులు కూడా ఒకరి పాదాలు ఒకరు తీసుకున్నారు కదా అని మీతో ఎవరైనా అనవచ్చు. అది నిజమే, దాచవలసిన పని లేదు. 'రోలిన్ అండ్ టంబ్లిన్'ను హాంబోన్ విల్లీ న్యూబర్న్ 1929లో రికార్డు చేశాడు, మడ్డీ వాటర్స్ 1950లో తన పద్ధతిలో పాడాడు. బెర్రీ 'మేబెలీన్'కు మూలం 'ఐడా రెడ్' అనే పాత పల్లె పాట. దాన్ని పేరుకు తెచ్చింది బాబ్ విల్స్ అనే శ్వేతజాతి గాయకుడు. అయితే ఒకే పొలంలో, ఒకే లేమిలో బతికినవారు పాదాలు మార్చుకోవడానికీ, పెద్ద కంపెనీ అదే పాదాన్ని తన కళాకారుడి పేరున నమోదు చేయించి లక్షల ప్రతులు అమ్మడానికీ పోలిక లేదు. ఆ నల్లజాతి గాయకులు ఆ రోజుల్లో దక్షిణాది హోటళ్లలో ముందు ద్వారం గుండా వెళ్లడానికి కూడా వీలులేనివారు. వకీలును పెట్టుకుని హక్కు అడగడం వాళ్ల ఊహకు అందని సంగతి. ఆర్థర్ క్రుడప్ 1946లో రికార్డు చేసిన 'దట్స్ ఆల్ రైట్'తోనే ప్రెస్లీ 1954 జులైలో మెంఫిస్‌లో తన తొలి అడుగు వేశాడు. తన పేరు లేబుల్ మీద ఉండి కూడా క్రుడప్ రావలసిన రాయల్టీ కోసం తిరిగి తిరిగి, అది అందకుండానే 1974లో కన్నుమూశాడు.

బాకీ ఒప్పుకున్నవారిని కూడా అంతే శ్రద్ధగా రాయండి. అమెరికా టీవీలో 'షిండిగ్' కార్యక్రమానికి 1965లో పిలిచినప్పుడు, నల్లజాతి బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్‌ను కూడా పిలవాలని రోలింగ్ స్టోన్స్ పట్టుబట్టి, ఆయన పాడుతుంటే చుట్టూ కింద కూర్చుని విన్నారు. శ్వేతజాతి రాక్ గాయని జానిస్ జోప్లిన్ 'బాల్ అండ్ చెయిన్' పాడినప్పుడు 1968 ఆల్బమ్ మీద రచయితగా థార్న్‌టన్ పేరు ఉంది. నిర్వాణ బృందపు గాయకుడు కర్ట్ కొబేన్ 1993 నవంబరులో నల్లజాతి గాయకుడు లెడ్ బెల్లీ పాట పాడేముందు వేదిక మీదే ఆయన పేరు చెప్పాడు. మరోవైపు, పేరు చెప్పడంతో అన్నీ సర్దుకోవు. రాబర్ట్ జాన్సన్‌ను గురువుగా కొలిచిన ఇంగ్లండ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1976లో బర్మింగ్‌హామ్ వేదిక మీదనుంచి వలస వచ్చినవారికి వ్యతిరేకంగా, వలసలను వ్యతిరేకించిన రాజకీయ నాయకుడు ఎనాక్ పోవెల్‌ను సమర్థిస్తూ మాట్లాడాడు. ఆ మాటల్లో కరీబియన్ల మీద ఉన్న ద్వేషం బ్రిటన్‌లోని భారతీయుల మీద కూడా ఉన్నదే. దానికి జవాబుగానే అక్కడ రాక్ అగెనెస్ట్ రేసిజం ఉద్యమం మొదలైంది. చాలా ఏళ్ల తరువాత క్లాప్టన్ సిగ్గుపడుతున్నానని చెప్పాడు. ఇది కూడా ఆ పేజీలో ఉండవలసిందే.

మీరే పాడేటప్పుడు

హైదరాబాదులోని కాలేజీ వేదిక మీదైనా, డాలస్‌లో తెలుగు పిల్లలు పెట్టుకున్న బ్యాండులోనైనా మీరు రాక్ కవర్, అంటే మరొకరి పాట, పాడుతున్నట్టయితే, పాటకు ముందు రెండు పేర్లు చెప్పడం అలవాటు చేసుకోండి: మీరు ఎవరి రికార్డు విని నేర్చుకున్నారో ఆ పేరు, దానికి ముందున్న పేరు. "ఇది లెడ్ జెప్పెలిన్ పాట, సాహిత్యం విల్లీ డిక్సన్‌ది, మొదట పాడింది మడ్డీ వాటర్స్, 1962" అంటే పది క్షణాలు కూడా పట్టదు. వీడియో పెట్టేటప్పుడు కింద వివరణలో అదే వాక్యం రాసి, మూల రికార్డు లింకు ఇవ్వండి. ఇంకొక సంగతి: సాధన చేసేటప్పుడు మూల రికార్డుతోనే మొదలుపెట్టండి. తరువాతి బృందాల వాయింపులో వేగం, హోరు పెరిగిన కొద్దీ తగ్గిపోయిన చిన్న విరుపులు, ఆగి నిలిచే చోట్లు అక్కడ ఉంటాయి, వేళ్లు వాటిని ముందే నేర్చుకుంటే పాట నడక కుదురుతుంది.

మొదటి పేజీ ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే సిస్టర్ రోజెటా థార్ప్‌ను ఎంచుకోండి. చర్చి పాటలను ఎలక్ట్రిక్ గిటారు మీదికి తెచ్చిన ఆమె 'స్ట్రేంజ్ థింగ్స్ హాపెనింగ్ ఎవ్రీ డే'ను 1944లో రికార్డు చేసింది, అంటే ప్రెస్లీ మొదటి రికార్డుకు పదేళ్ల ముందు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను గుర్తించింది 2018లో. 1964 మేలో మాంచెస్టర్‌లో వాడుకలో లేని ఒక రైల్వే స్టేషన్‌లో టీవీ కోసం ఆమె పాడిన దృశ్యం యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఒక ప్లాట్‌ఫారం మీద ఇంగ్లండ్ కుర్రకారు కూర్చుని ఉంటారు, పట్టాల అవతల ప్లాట్‌ఫారం మీద కోటు వేసుకున్న ఆమె నిలబడి ఉంటుంది. నేల తడిసి ఉంటుంది. తెల్ల గిటారు తగిలించుకుని ఆమె పాడేది వాన గురించిన పాటే. పాట మధ్యలో గిటారు సోలో వచ్చినప్పుడు ఆమె ముఖం నుంచి చూపు మరల్చి కుడిచేతిని చూడండి, తరువాత రాక్ గిటారిస్టుల్లో మీకు బాగా ఇష్టమైనవారి వీడియో పెట్టుకుని ఆ చేతినీ చూడండి. కనిపించిన పోలికలను మొదటి పేజీ నాలుగో గడిలో రాసుకోండి.